ఏడవకూడని బంగళా

తెల్లారగానే మేస్త్రి చేసే మొదటి పని, బంగళా ఎంత కుంగిందో చూసుకోవడం. వాకిట్లో రెండు లావుపాటి స్తంభాల మధ్య మెట్లున్నాయి. అన్నిటికంటే కింది మెట్టు పక్కన గోడ మీద పెన్సిలుతో గీసిన గీత ఉంది. నేల ఆ గీతకి కిందనే ఉంటే ఆ పూటకి అందరికీ హాయి. గీత మట్టిలోకి పోయిందంటే ముందురోజు లోపల ఎవరో ఏడ్చారన్నమాట. అప్పుడాయన చేతులు కడుక్కుని వెళ్ళి బంగళా యజమాని మేడమ్‌తో చెప్పేవాడు. ఆవిడ వాకబు చేసేది. మేడ మీద గదిలో కొత్త జంట పోట్లాడుకున్నారనో, గిన్నెలు కడిగే పిల్ల ఇంటి మీద బెంగ పెట్టుకుందనో తేలేది. ఉల్లిపాయలు తరిగేటప్పుడు కారే నీళ్ళకి మాత్రం బంగళా కుంగేది కాదు. దానికి ఆ మాత్రం తేడా తెలుసు.

ఆ ఊళ్ళో ఇదెవరికీ వింత కాదు. కొన్ని ఇళ్ళు వానకి కారతాయి, కొన్ని ఎండకి బీటలిస్తాయి, బంగళా ఏడుపుకి కుంగుతుంది, అంతే. ఎస్టేటు వాళ్ళు కట్టించినప్పుడు అది మూడంతస్తుల మేడట. ఆ కుటుంబంలో ఏ తరమూ తక్కువ ఏడవలేదు. ఆస్తి తగాదాలకి ఏడ్చారు, పోయిన పిల్లల కోసం ఏడ్చారు, చివరికి బంగళా కుంగిపోతోందని కూడా ఏడ్చారు. వాళ్ళ ఆఖరి వారసుడు తాళాలు అప్పగించి వెళ్ళేనాటికి అడుగు అంతస్తు మొత్తం భూమిలో ఉంది. చాలా ఏళ్ళు గబ్బిలాలే కాపురముండి, గోడలకి పెచ్చులూడి, తోట అడివైపోయాక మేడమ్ కొన్నది.

ఆవిడ ఆ ఊరి మనిషే. చిన్నప్పుడు బడికి పోతూ గేటు ఊచల్లోంచి లోపలికి చూసేదట. ఎక్కడెక్కడో పనిచేసి, పెద్ద హోటళ్ళు నడిపి, తలలో తెల్లవెంట్రుకలు వచ్చాక తిరిగొచ్చి అదే గేటు తన తాళంతో తీసింది. బంగళాని హోటలు చేద్దామని తోట బాగుచేయించింది. దూలాలు మార్పించింది, నేలమట్టానికి వచ్చిన రెండో అంతస్తుకి వాకిలీ మెట్లూ కట్టించింది. గోడలకి సిమెంటు తగలనివ్వకుండా, పాతకాలం పద్ధతిలో సున్నం నానబెట్టి, రుబ్బి, పూయించింది. ఆ పూత పనంతా మేస్త్రిదే. భూమిలో ఉన్న అంతస్తుని పాడుపెట్టకుండా అక్కడ మెత్తటి దీపాలు పెట్టించి, వేన్నీళ్ళ తొట్లు కట్టించి, స్పా చేసింది. కిటికీ అద్దాల అవతల మట్టి, మట్టిలో మెల్లగా పాకే వానపాములు. దూరప్రాంతాల నుంచి వచ్చిన అతిథులు బోర్లా పడుకుని ఒళ్ళు పట్టించుకుంటూ వాటిని చూసేవాళ్ళు. అలా చూస్తుంటే కళ్ళు మూతలు పడతాయనేవాళ్ళు.

అక్కడ ఒళ్ళు పట్టేవాళ్ళకి పెద్ద, మేస్త్రి మరదలు. మేస్త్రి భార్య చనిపోయాక ఆయన కూతుర్ని సగం పెంచింది ఆవిడే. కూతురు పిలిచినట్టే అందరూ ఆవిణ్ణి పిన్ని అనేవాళ్ళు. ఆఖరికి ఆవిడకంటే పెద్దవాళ్ళైన అతిథులు కూడా. కూతుర్ని అందరూ అమ్మడు అనేవాళ్ళు. అమ్మడు రిసెప్షన్‌లో ఉండేది.

పనిలో చేరే ప్రతి ఒక్కరినీ మేడమ్ ఒకే ప్రశ్న అడిగేది: ఆఖరిసారి ఎప్పుడు ఏడ్చారు? చెప్పడానికి ఎక్కువసేపు ఆలోచించినవాళ్ళకి ఉద్యోగం. ఉన్నవాళ్ళకి ఏడుపొస్తే గేటు దాటి వెళ్ళాలి. గేటు అవతల నీడలో ఒక బెంచీ, దాని పక్కన కొళాయి వేయించింది. వెళ్ళి కూర్చుని, తనివితీరా ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చేవాళ్ళు. ఎవరూ తొందరపెట్టేవాళ్ళు కాదు. ఒక్కోసారి బెంచీ ఖాళీ లేక ఒకరి ఏడుపు అయ్యేదాకా ఇంకొకరు నిలబడేవాళ్ళు. ఈలోగా నిలబడ్డవాళ్ళకి ఏడుపు పోయి నవ్వొచ్చేది.

అమ్మడు పెళ్ళి ఆ రిసెప్షన్ బల్ల దగ్గరే కుదిరింది. హోటలు వ్యాను నడిపే కుర్రాడు స్టేషన్ నుంచి అతిథుల్ని తెచ్చేవాడు. పెట్టెలు దించి పెట్టడానికి ఎంతసేపు కావాలి? అతను మాత్రం ఒక పెట్టె దించి, బల్లకి ఆనుకుని, ఇంకో పెట్టె దించి, మళ్ళీ ఆనుకునేవాడు. మేస్త్రి నిచ్చెన మీద నుంచి అంతా చూస్తూ చూడనట్టే ఉండేవాడు. చివరికి పిన్ని ఉండబట్టలేక, ఆ పిల్లాడి వాలకం చూస్తే బల్ల అరిగిపోయేలా ఉంది, పెళ్ళి చేసెయ్ బావా అంది. చేసేశారు. అల్లుడు మేస్త్రి ఇంట్లోనే ఉన్నాడు. పొద్దున్నే ముగ్గురూ వ్యానులో పనికొచ్చేవాళ్ళు. పెళ్ళయిన రెండో వేసవిలో, మధ్యాహ్నం బండికి దిగే అతిథి కోసం అల్లుడు ఒక్కడే స్టేషన్‌కి వెళుతుంటే, వంతెన దాటాక మలుపులో ఎదురుగా లారీ వచ్చింది.

ఫోన్ రిసెప్షన్‌కే వచ్చింది. హాల్లో అప్పుడు అతిథులున్నారు. అమ్మడు ఫోనెత్తి, రోజూ ఎలా పలుకుతుందో అలాగే పలికింది. అవతల చెప్పిందంతా విన్నది. ఫోన్ పెట్టేసి, ఎదురుగా నిలబడ్డాయనకి తాళంచెవి ఇచ్చి, మెట్లు ఎటున్నాయో చూపించింది. ఆ తర్వాత బల్ల వెనకనుంచి వచ్చి తిన్నగా గేటు వైపు నడిచింది. అప్పుడు మేస్త్రి తోటగోడకి పూత వేస్తున్నాడు. ఎండలో కూతురు అంత నిటారుగా నడిచిపోతుంటే ఏదో జరిగిందని తెలిసి తాపీ అక్కడే వదిలేసి పరిగెత్తాడు. అమ్మడు గేటు దాటింది. బెంచీ మీద కూర్చుంది. నోరు తెరిచింది. ఏడుపు రాలేదు.

లోపల ఆపుకుంది, బయటికొచ్చి ఏడుద్దామని. బయటికొచ్చాక అది లేదు. ఏదో చేతిలోంచి జారిపోయినట్టు తన ఒళ్ళోకీ, నేల వైపూ చూసుకుంది. చీకటిపడేదాకా తండ్రి పక్కన కూర్చునే ఉన్నాడు. అమ్మడు కళ్ళు ఎండిన గచ్చులా ఉన్నాయి.

అప్పటినుంచీ అంతే. శవాన్ని తెచ్చినప్పుడు ఏడవలేదు, పంపించినప్పుడు ఏడవలేదు. వారం తిరక్కుండానే పనిలోకి వెళతానంది. మేడమ్ వద్దంది, ఎన్నాళ్ళయినా ఇంట్లో ఉండమంది. ఇంట్లో ఉంటే గోడ చూస్తూ కూర్చుంటున్నాను, అక్కడైతే చేతులకి పని తెలుసు అంది అమ్మడు. వెళ్ళి బల్ల వెనక నిలబడి నవ్వింది. ఆ నవ్వు పెదాల దగ్గర పుట్టి పెదాల దగ్గరే ఆగిపోయేది. అతిథులకి తేడా తెలియదు కదా. వెళ్ళేటప్పుడు మీ రిసెప్షన్ అమ్మాయి నవ్వు చూస్తేనే ప్రాణం లేచొస్తుందని మేడమ్‌కి చెప్పి వెళ్ళేవాళ్ళు. మేడమ్ తలూపి, లోపలికి వెళ్ళి తలుపేసుకునేది.

మేస్త్రి చెయ్యని ప్రయత్నం లేదు. ఏటి ఒడ్డుకి తీసుకెళ్ళాడు. డాక్టరుకి చూపించాడు. ఆయన నిద్రకి మాత్రలిచ్చాడు, నిద్ర వచ్చింది కానీ ఏడుపు రాలేదు. పిన్ని ఆ పిల్లని బెంచీ మీద కూర్చోబెట్టి, అక్కనీ అల్లుణ్ణీ తలుచుకుని తనే వెక్కి వెక్కి ఏడ్చింది. అమ్మడు ఆవిడ వీపు నిమిరి, కొళాయి దగ్గరికి తీసుకెళ్ళి ముఖం కడిగి తీసుకొచ్చింది. పిల్ల చిక్కి సగమైంది. కంచం ముందు కూర్చుని మెతుకులు అటూ ఇటూ జరిపి లేచిపోయేది. మాట్లాడితే మాట్లాడేది, అడిగితే చెప్పేది, కానీ ఆ గొంతు హోటలు ఫోన్లో ముందే రికార్డు చేసి పెట్టినట్టుండేది.

ఒకరోజు ఇంట్లో భోజనాల దగ్గర మేస్త్రి తట్టుకోలేకపోయాడు. ఎలాగైనా ఈ పిల్లని ఏడిపించాలి అనుకున్నాడు. తన జన్మలో ఎవరినీ అననంత మాట అన్నాడు.

"నీకసలు వాడి మీద ప్రేమే లేదేమో."

అమ్మడు తలెత్తి చూసింది. కోపం కూడా లేదు ఆ చూపులో.

"అంతేనేమో నాన్నా," అంది. కంచం తీసి, కడిగి, బోర్లించింది.

మేస్త్రి పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఆయనకీ అల్లుడి కోసం ఏడవాలని ఉంది. కానీ కూతురు ఏడవకుండా తను ఏడవడం, ఆకలితో ఉన్న పిల్ల ముందు కూర్చుని తినడంలా ఉండేది. అందుకని ఆయనా గొంతులోనే పెట్టుకున్నాడు.

ఇంకో భయం కూడా ఉంది, అది ఎవరితోనూ అనలేదు. ఆ పిల్లలో పేరుకుపోయింది ఎప్పుడో ఒకప్పుడు బయటపడక తప్పదు. అది బంగళాలో ఉండగా బయటపడితే? తన చేత్తో నున్నగా రుద్దిన గోడలు, పైకప్పు చుట్టూ తీర్చిన లతలు, పిన్ని స్పా, వంటవాళ్ళూ తోటమాలీ గదులు ఊడ్చేవాళ్ళూ, ఇన్ని ఇళ్ళలో పొయ్యి వెలిగించే ఆ ఒక్క బంగళా. మేడమ్‌కీ ఈ భయం ఉన్నట్టే ఉంది. పట్నం నుంచి ఇంజనీర్లని పిలిపించింది. వాళ్ళు నేలకి బెజ్జాలు వేసి, పునాదులు తట్టి, మట్టి సీసాల్లో పట్టుకెళ్ళారు. నేల మెత్తన, ఏడుపు తగ్గించడమొక్కటే దారి అని చెప్పి పంపారు. అది అందరికీ తెలిసిందే. పునాది కింద ఏముందో మేస్త్రికీ తెలియదు.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. ఒకరోజు పొద్దున, పనుల హడావుడి తగ్గాక, మేస్త్రి హాల్లో మోకాళ్ళ మీద కూర్చుని, ఎవరో పెట్టె తగిలించి గీరేసిన గోడ మూలకి సున్నం పూస్తున్నాడు. అప్పుడొక పెద్దావిడ చేతికర్ర ఊపుకుంటూ వచ్చింది. మనిషి చిన్నదే కానీ గొంతు హాలంతా వినిపిస్తుంది. ఎక్కడో హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయిందట. మోకాళ్ళ నొప్పులకి స్పా మంచిదని ఎవరో చెబితే వచ్చానంది. అమ్మడు నవ్వి, కుర్చీ చూపించి, వివరాలు అడగడం మొదలుపెట్టింది. ఆవిడ కూర్చోలేదు. బల్ల మీద మోచెయ్యి ఆనించి, తన గొడవ చెప్పుకుంది.

"పోయిన వేసవిలోనే రావాల్సిందమ్మా. మధ్యాహ్నం బండికి దిగాను కూడాను. మీ వ్యాను కోసం చూసి చూసి కళ్ళు కాయలు కాశాయి. ఎండలో పెట్టె మీద కూర్చుని ఆ డ్రైవర్ని తిట్టని తిట్టు లేదనుకో. ఏ నీడన పడి నిద్రపోతున్నాడో పనికిమాలినవాడు అనుకున్నా. ఆఖరికి సాయంత్రం బండెక్కి వెళ్ళిపోయా."

మేస్త్రి చేతిలో తాపీ ఆగిపోయింది. అల్లుడు పోయిన రోజు మధ్యాహ్నం బండికి రావలసిన అతిథి ఒక్కరే. ఆ గొడవలో ఆ అతిథి సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఎవరూ కబురు చెయ్యలేదు.

అమ్మడు నవ్వు ఇంకా పెదాల మీదే ఉంది. కలం పక్కన పెట్టింది.

"ఆయన వస్తూనే ఉన్నారండీ," అంది. "నిద్రపోలేదు. మీ కోసమే వస్తున్నారు. దార్లోనే ఉన్నారు."

పెద్దావిడకి ముందు అర్థం కాలేదు. తర్వాత ఆ పిల్ల ముఖం చూసింది. కర్ర గోడకి ఆనించింది.

"నీకేమవుతాడమ్మా?"

"మా ఆయన."

ఆ రెండు మాటలూ అనేసరికి కన్నీటిచుక్క ఒకటి బల్ల మీద పడింది. అమ్మడు దాన్ని వింతగా చూసింది, పైకప్పు కారిందేమో అన్నట్టు తల కూడా ఎత్తింది. రెండోది పడింది. పైన వేలాడే దీపాల గుత్తి గలగలమంది. వాకిట్లో కింది మెట్టు చప్పుడు లేకుండా మట్టిలోకి దిగిపోయింది.

అందరికీ తెలిసిపోయింది. వంటింట్లో గరిటెలు ఆగాయి. మేడమ్ తన గదిలోంచి చెప్పులు లేకుండా వచ్చింది. కేకలు వెయ్యలేదు. బల్లకి దూరంగానే నిలబడి, బతిమాలుతున్నట్టు అంది.

"మేస్త్రీ, గేటు దాటించు. తొందరగా తీసుకెళ్ళు. ఇంతమంది బతుకులు, మేస్త్రీ."

మేస్త్రి లేచి వెళ్ళి కూతురి భుజం పట్టుకున్నాడు. అమ్మడు ఎప్పుడూ ఎదురు చెప్పని పిల్ల. వెంటనే లేచింది. చేతివెనకతో కళ్ళు తుడుచుకుంది. పెదాలు బిగించి, గొంతులోకి వచ్చినదాన్ని మింగింది. తండ్రి చెయ్యి కింద ఆ భుజం కర్రలా బిగుసుకోవడం ఆయనకి తెలిసింది. పెదాల మీదికి ఆ నవ్వు మళ్ళీ రాబోతోంది. గుమ్మం దాటేసరికి ఏడుపు ఆగిపోతుంది. గేటు దాటేసరికి లేకుండా పోతుంది. అదెలా ఉంటుందో ఆయన ఒకసారి చూశాడు.

చుట్టూ చూశాడు. తన గోడలు. వంటింటి గుమ్మంలో గుంపుగా నిలబడ్డవాళ్ళు. చేతులు పట్టుకుని చూస్తున్న మేడమ్. కూతుర్ని మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టి, తను నేల మీద కూర్చుని, ఆమె రెండు చేతులూ తన సున్నం చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఏడువు తల్లీ," అన్నాడు. "ఇంటి సంగతి నేను చూసుకుంటాను."

తను చూసుకోగలిగింది ఏమీ లేదని ఆ హాల్లో అందరికంటే ఆయనకే బాగా తెలుసు. అమ్మడికీ తెలుసు. అయినా ఆ మాట వినగానే ఆ పిల్ల తండ్రి భుజం మీద తల పడేసి, చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు ఏడ్చినట్టు, సిగ్గూ ఎగ్గూ లేకుండా ఏడ్చింది.

బంగళా కుంగింది. జానెడు, ఆ తర్వాత మూరెడు, ఆ తర్వాత ఎవరూ కొలవలేదు. ఊగలేదు, బీటలివ్వలేదు, పెద్ద ఓడ రేవులో నెమ్మదిగా మునిగినట్టు తిన్నగా దిగింది. వాకిలి మెట్లన్నీ పోయాయి. మేడమ్ పరిగెత్తి వీధి తలుపులు మూయబోతే ఒక రెక్క రాలేదు. వంటవాడొచ్చి చెయ్యి వేశాడు, ఇద్దరూ కలిసి గడియ పెట్టారు. కిటికీల్లో తోట పైకి లేచింది. ముందు గులాబీ పువ్వులు కనపడేవి, ఇప్పుడు మొదళ్ళు, కాసేపటికి వేళ్ళు, ఆ తర్వాత మట్టి ఒక్కటే. హాల్లో మసక కమ్మింది. ఎవరో దీపాలు వేశారు.

స్పాలోంచి పిన్ని అతిథుల్ని తోలుకొచ్చింది. తెల్లటి తువ్వాలు గౌన్లలో, తడి జుట్లతో ఉన్నారు, ఒకాయన ముఖానికి పట్టించిన ముద్దతోనే వచ్చాడు. తొట్లలో నీళ్ళు ఒలికిపోతున్నాయని చెబుతూనే పిన్ని అమ్మణ్ణి చూసింది. చెబుతున్న మాట వదిలేసింది.

"పదండి, పైకి పదండి," అంది అందరితో. "కంగారేం లేదు, మా పిల్ల ఏడుస్తోంది. మెట్లు చూసుకుని ఎక్కండి."

అందర్నీ మేడ మీదికి పంపి, వంటింట్లో స్టవ్‌లు ఆర్పించి, తను వచ్చి అమ్మడు కాళ్ళ దగ్గర కూర్చుంది. లెక్కల టీచరు ఎవరెంత చెప్పినా పైకి వెళ్ళలేదు. ఆ అబ్బాయిని అన్ని తిట్లు తిట్టినదాన్ని, ఇక్కడే కూర్చుంటానంది. ఎవరికి అర్థమైందో లేదో కానీ, ఆవిణ్ణి కూర్చోనిచ్చారు. ఆవిడా ఏడ్చింది. ఆ పాటికి ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ అని ఎవరూ అనుకోలేదు.

అమ్మడు ఏడుస్తూ ఏడుస్తూ మాటలు కూడదీసుకుంది. తండ్రికి మాత్రమే వినపడేలా చెప్పింది.

"ఆ రోజు వెళ్ళేటప్పుడు, వెళ్ళొస్తానని బల్ల మీద తట్టారు నాన్నా. నేను తల ఎత్తలేదు. ఎవరికో గది రాస్తున్నా. తట్టిన చెయ్యి కనపడింది అంతే. మొహం చూడలేదు."

మేస్త్రి ఆమె చేతులు ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

ఎంతసేపయిందో తెలియదు. ఏడుపు వెక్కిళ్ళయింది, వెక్కిళ్ళు నిట్టూర్పులయ్యాయి. కింద ఎక్కడో, స్పాకి కూడా కింద, బరువైనది దేనికో ఆనినట్టు చిన్న చప్పుడు వినిపించింది. దీపాల గుత్తి ఊగడం మానేసింది.

మేడెక్కి చూస్తే పైవరండా బయట గడ్డి ఉంది. పిట్టగోడ మీదినుంచి ఒక కాలు అటు వేస్తే తోట. అతిథులంతా అప్పటికే అలా దాటి, గౌన్లలోనే ఎండలో కూర్చుని, ఊళ్ళోంచి ఎవరో తెచ్చిన టీ తాగుతున్నారు. ముద్ద ఆరిపోయి ఒకాయన ముఖం బొమ్మలా ఉంది. టీచరమ్మని ఒకపక్క మేస్త్రి, ఒకపక్క అమ్మడు పట్టుకుని దాటించారు. గేటు దగ్గర ఊరంతా పోగైంది. ఎవరో వచ్చి అందరూ బయటికొచ్చారా అని తలలు లెక్కపెడుతున్నారు. ఎవరికీ గోరంత దెబ్బ కూడా తగల్లేదు. మేడమ్ గడ్డి మీద నిలబడి, తన మేడ పై అంతస్తుని కళ్ళెత్తకుండానే చూస్తోంది. మేస్త్రి ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడే, ముందు పిల్లని ఇంటికి తీసుకెళ్ళు అంది.

హోటలు మూతపడింది. అతిథులు వెళ్ళిపోయారు, పనివాళ్ళు చెల్లాచెదురయ్యారు. కొందరు పట్నానికి పోయారు, కొందరికి ఊళ్ళోనే ఏదో దొరికింది, కొందరికి దొరకలేదు. తోటమాలి భార్య దారిలో మేస్త్రి ఎదురైతే తల తిప్పుకుని పోయేది. ఆవిడ తప్పు కాదని మేస్త్రికి తెలుసు. తనది తప్పో ఒప్పో మాత్రం తెలిసేది కాదు. పిన్ని ఇంకో ఊళ్ళో పని చూసుకుని, సంచీతో వచ్చి గుమ్మంలో నిలబడి చెప్పి వెళ్ళింది.

"ఇన్నేళ్ళ నా పనంతా మట్టిలో కలిపావు బావా. కోపం పోలేదు. పోయాక వస్తా," అంది. అమ్మణ్ణి దగ్గరికి తీసుకుని, బుగ్గలు నొక్కి చూసి వెళ్ళింది.

టీచరమ్మ వాళ్ళింట్లోనే కొన్నాళ్ళుంది. వైద్యానికొచ్చి వైద్యం లేకుండా ఎలా పోతానని వాదించింది. అమ్మడు ఆవిడ మోకాళ్ళకి నూనె రాసేది, ఆవిడ అల్లుడి గురించి అడిగేది. ఎలా నవ్వేవాడు, ఏం తినేవాడు, ఎలా అలిగేవాడు. అమ్మడు చెబుతూ ఏడ్చేది, ఏడుస్తూ చెప్పేది, మధ్యలో ఒకసారి నవ్వేది కూడా. మేస్త్రి పక్కగదిలో కూర్చుని వినేవాడు. టీచరమ్మ వెళ్ళిపోయాక అమ్మడు రోజుల తరబడి నిద్రపోయింది. లేచిన తర్వాత బస్టాండులో టికెట్ల కిటికీ దగ్గర ఉద్యోగానికి వెళ్ళింది. అక్కడ ఎవరూ నవ్వమని అడగరు నాన్నా, చిరాకు పడ్డా ఏమీ అనుకోరు అని చెప్పింది. చిరాకు పడుతోందని ఊళ్ళో ఒకరిద్దరు వచ్చి మేస్త్రికి చాడీ చెప్పారు. ఆయనకి ఆ చాడీ ఎంత బాగుందో చెప్పలేం.

వానలు వెళ్ళిన తర్వాత మేడమ్ కబురు పెట్టింది. వెళ్ళాడు. ఆవిడ చిక్కిపోయింది. కానీ ఎప్పటిలాగే పని మాటే మాట్లాడింది. కింద రెండంతస్తులూ ఇక పైకి రావు. పైన ఉన్న గదుల్ని శుభ్రం చేసి, చిన్నగానే అయినా మళ్ళీ తెరుద్దామనుకుంటున్నాను, లోపలికి రావడానికి గుమ్మం లేదు, తోటవైపు కిటికీ కోసి గుమ్మం పెట్టగలవా అని అడిగింది. మళ్ళీ కుంగితే, అని మేస్త్రి నసిగాడు. మళ్ళీ కుంగితే ఇక తెరవడానికేమీ ఉండదు, అంది ఆవిడ.

మర్నాడు పొద్దున్నే ఒక్కడే వెళ్ళాడు. కిటికీ చట్రం ఊడదీశాడు. గడప మట్టం సరిచూసుకోవడానికి, బయట తోటలో ఒక మేకు కొట్టి, అక్కణ్ణించి గోడలో ఇంకో మేకుకి దారం బిగించి కట్టాడు. దారం మధ్యలో, వాలు చూపించే చిన్న గొట్టం, నీటిమట్టం వేలాడదీశాడు. గాలిబుడగ నడిమధ్యలో నిలిచింది. గోడ కాస్త దిగినా అది పక్కకి జరుగుతుంది. పాత ఇటుకలు ఒక్కొక్కటే తీస్తుంటే, తను వేసిన పూత పెచ్చులుగా ఊడి పడుతోంది. ఆ గోడ పూసిన రోజులు గుర్తొచ్చాయి. అప్పటికి ఇంకా అల్లుడు కాలేదు, ఒట్టి డ్రైవరే. టీ పట్టుకుని మేడెక్కి వచ్చేవాడు, గ్లాసు ఇచ్చాక వెళ్ళకుండా నిలబడేవాడు. గోడ ఎంత నున్నగా చేశావు మామా, ఇందులో చూసి గడ్డం గీసుకోవచ్చు అనేవాడు. అప్పటికి మామా అని పిలవడానికి ఏ చుట్టరికమూ లేదు. ఎవడ్రా నీకు మామ అని కసిరితే, ముందు అలవాటు చేసుకుంటున్నా అన్నాడు.

మేస్త్రికి నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఏదో అడ్డుపడింది. చేతిలో ఇటుక కింద పెట్టి, ఆ గోడకే నుదురు ఆనించి, ఇన్నాళ్ళూ దాచుకున్నది ఆపుకోలేక బావురుమన్నాడు. సగం ఏడ్చాక గుర్తొచ్చింది, తను ఉన్నది ఎక్కడో. పరిగెత్తి గేటు దాటే వయసు కాదు, దాటినా లాభం లేదు, జరిగేది ఈపాటికి జరిగే ఉంటుంది. కళ్ళు తుడుచుకుని భయం భయంగా దారం వైపు చూశాడు.

గాలిబుడగ నడిమధ్యలోనే ఉంది. దారం కట్టింది కట్టినట్టే ఉంది.

వెనక అలికిడైతే తిరిగాడు. మేడమ్ గడ్డిలో నిలబడి ఉంది, ఎప్పుడొచ్చిందో. ఆయన ఎర్రటి కళ్ళు చూసింది. తర్వాత దారం చూసింది. దగ్గరికొచ్చి వంగి నీటిమట్టాన్ని వేలితో తట్టింది. బుడగ ఒకసారి చలించి మళ్ళీ మధ్యకే వచ్చింది.

"కింద రాయి తగిలిందంటావా?" అంది.

"తెలీదమ్మా," అన్నాడు మేస్త్రి. "నాకు నిజంగా తెలీదు."

మేడమ్ గోడ కోసిన సందులోంచి లోపలికొచ్చింది. ఖాళీ గది మధ్యలో, దుమ్ములో, చీర కూడా చూసుకోకుండా కూర్చుంది. చిన్నప్పటి నుంచీ కావాలనుకున్న ఇంట్లో, కొన్న రోజు నుంచీ ఒక్కసారి కూడా కళ్ళు తడవనివ్వని మనిషి, మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. దేనికని మేస్త్రి అడగలేదు. పెచ్చులు ఒక పక్కకి ఊడ్చి, నీళ్ళు తెచ్చుకుని, కొత్త గడపకి సున్నం కలపడం మొదలుపెట్టాడు.